నడిబజారులో బాలకృష్ణుడు

 

ఈ వారం వీడియోలో దామోదర లీల చెప్పుకున్నాం. యశోదమ్మ తాడు తేవడం, ఎన్ని తాళ్ళు కలిపినా రెండు వేళ్ళు తక్కువ కావడం, చివరికి కన్నయ్య రోటికి కట్టుబడటం, ఆ రోటిని ఈడ్చుకుంటూ పోయి జంట మద్దిచెట్లను కూల్చడం వరకు వచ్చి ఆగాం. ఆ తర్వాతి అధ్యాయాన్ని కావాలనే పక్కన పెట్టాను. అది తీరిగ్గా కూర్చుని చదువుకోవాల్సిన విషయం. చిన్నపిల్లలున్న వాళ్ళకైతే మరీనూ.

ఎందుకంటే ఈమధ్య ఏ సత్సంగంలో కలిసినా, కొత్తగా తల్లిదండ్రులైన వాళ్ళు నన్ను అడుగుతున్నది ఒకటే. "ఈ సిటీ మధ్యలో పిల్లల్ని ఎలా పెంచాలండీ? ఆడుకోవడానికి చోటు లేదు, నడవడానికి ఫుట్‌పాత్ లేదు, పొగ, హారన్లు. సంస్కారం అంటారు, భక్తి అంటారు. ఈ గోలలో అవి ఎక్కడ అబ్బుతాయి?"

ఈ ప్రశ్న నాకు కొత్తేం కాదు, మా ఇంట్లోదే. మేముండేది చిక్కడపల్లిలో. మా పాపకి నాలుగేళ్ళు నిండాయి. మూడో అంతస్తు ఫ్లాట్, అద్దెది. మెయిన్ రోడ్డు మీద నెత్తిన మెట్రో రైలు, కింద బస్సులు, ఆటోలు. కొత్త సినిమా విడుదలైందంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు అడుగు పెట్టలేం. మా ఆయన ఆఫీసు గచ్చిబౌలిలో. "అటువైపు ఏదైనా గేటెడ్ కమ్యూనిటీకి మారిపోదాం, పాపకి పార్కు ఉంటుంది" అని ఆయన ఏడాదిగా అంటున్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన మా అత్తయ్య ఏమీ అనరు. ఊరికే వింటూ ఉంటారు. ఆ వినడం చూస్తే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

అందుకే ఈ అధ్యాయాన్ని నేను నా ఇంటి సమస్యను ముందు పెట్టుకుని చదివాను. చదివింది మీతో పంచుకుంటున్నాను.

గోకులం ప్రశాంతమైన ఊరా?

మనం గోకులం అనగానే కేలండర్ బొమ్మ ఊహించుకుంటాం. వెన్నెల, నెమలి, వేణువు. కానీ దశమ స్కంధం తెరిచి చూడండి. అది పని తెమలని ఊరు. పాలు పితకాలి, కాచాలి, పెరుగు చిలకాలి, వెన్న తీయాలి, అమ్మాలి. యశోదమ్మ చల్ల చిలుకుతుంటే పిల్లవాడు వచ్చి కవ్వం పట్టుకుంటాడు. ఒళ్ళో పెట్టుకుని పాలిస్తుంటే పొయ్యి మీద పాలు పొంగుతాయి. పిల్లవాణ్ణి దింపేసి పరిగెత్తుతుంది. వాడికి కోపం వచ్చి కుండ పగలగొడతాడు. ఇదంతా ఒక్క పొద్దున జరిగిన సంగతి. ఎనిమిదింటికి స్కూలు వ్యాన్ వచ్చే ఇంట్లో ఎవరికైనా ఇది తెలిసిన పొద్దునే కదా!

ప్రమాదాలు కూడా తక్కువేం కాదు. పూతన వచ్చింది. బండి విరిగి పడింది. సుడిగాలి పిల్లవాణ్ణి ఎత్తుకుపోయింది. చివరికి రెండు పెద్ద చెట్లు పక్కనే కూలాయి. పరమాత్మ తన బాల్యానికి ఎంచుకున్న చోటు ఇది. ప్రమాదం లేని చోటే కావాలని ఆయన అనుకోలేదు. మరి ఆ ఊళ్ళో ఆయనకి ఏముంది?

మనుషులున్నారు. పిల్లవాడు ఎవరి ఇంట్లో దూరాడో, ఎవరి ఉట్టి కింద నిలబడ్డాడో క్షణంలో యశోదమ్మకి తెలిసిపోయేది. గోపికలు గుంపుగా వచ్చి చెప్పేవారు: మీవాడు దూడల్ని విప్పేశాడు, మీవాడు వెన్న కోతులకి పెట్టాడు అని. వాటిని మనం చిలిపి కథలుగా వింటాం. ఒక తల్లిగా వింటే నాకు మరొకటి వినబడుతుంది. అంతమంది కళ్ళు ఆ పిల్లవాడి మీద ఉన్నాయి. మట్టి తిన్నాడన్న సంగతి కూడా అమ్మకి తోటి పిల్లలు, అన్న బలరాముడు చెప్పిందే. ఆ కబురు రాకపోతే ఆమె నోరు తెరవమని అడిగేదీ కాదు, విశ్వరూపం చూసేదీ కాదు.

ఇవాళ పక్కింటావిడ "మీ పాప మెట్ల మీద ఒక్కతే దిగుతోందమ్మా" అంటే మనకి ముఖం మాడిపోతుంది. "మా పిల్ల సంగతి ఆవిడకెందుకు?" అనుకుంటాం. యశోదమ్మ ఆ ఫిర్యాదులు విని నవ్వింది. చెప్పేవాళ్ళు ఉండటం ఎంత భాగ్యమో ఆమెకి తెలుసు.

పండ్లమ్మి పిలుపు

ఇక నేను చెప్పదలుచుకున్న పదకొండో అధ్యాయానికి వద్దాం. చెట్లు కూలిన తర్వాత, అందులో ఒక చిన్న సంఘటన వస్తుంది. రెండే శ్లోకాలు. ఒక పండ్లమ్మే ఆవిడ వీధిలో కేకేస్తూ వస్తుంది. కృష్ణుడు లోపలికి పరిగెత్తి దోసిట్లో ధాన్యం తీసుకుని బయటికి ఉరుకుతాడు. చిన్న చేతులు కదా, వేళ్ళ సందుల్లోంచి గింజలు దారంతా రాలిపోతాయి. ఆవిడ దగ్గరికి వచ్చేసరికి దోసిలి దాదాపు ఖాళీ. ఆవిడ ఆ ఖాళీని లెక్క చేయలేదు. రెండు చేతుల నిండా పండ్లు పెట్టింది. ఆవిడ బుట్ట రత్నాలతో నిండిపోయింది.

ఈ కథలో యశోద లేదు, నందుడు లేడు. ఒక పిల్లవాడు, ఒక వీధి వ్యాపారి. సకల ఫలాలూ ఇచ్చేవాడు తానే పండు కోసం వీధిలోకి పరిగెత్తాడు. అంటే భగవంతుడి బాల్యంలో వీధికి ఒక చోటుంది. పూజగదికి ఉన్నట్టే.

మా వీధిలో కూడా పొద్దున్నే పండ్ల బండి వస్తుంది. గుడికి వెళ్ళే దారిలో పూలమ్మే అవ్వ కూర్చుంటుంది. మా అపార్ట్‌మెంట్ గోడ పక్కన ఒక ఇస్త్రీ అన్న బండి పెట్టుకుంటాడు. మా అత్తయ్య వీళ్ళలో ఒక్కరినీ పేరు, వరస లేకుండా పిలవరు. పాపని తీసుకెళ్ళినప్పుడు డబ్బులు దాని చేతికే ఇచ్చి "అవ్వకి ఇచ్చి దండం పెట్టు" అంటారు. నాకు మొదట్లో ఇది ముసలివాళ్ళ అలవాటులా అనిపించేది.

మొన్న వేసవిలో ఒక సాయంత్రం అత్తయ్య ఆకుకూరలు ఏరుతున్నారు. ఉన్నట్టుండి పాప చెయ్యి విడిపించుకుని మెయిన్ రోడ్డు వైపు పరుగు పెట్టింది. అటు ఐస్‌క్రీమ్ బండి కనబడిందట. ఇస్త్రీ అన్న బొగ్గుల పెట్టె పక్కన పెట్టి రెండంగల్లో ఎదురొచ్చి, చేతులు చాచి అడ్డంగా కూర్చున్నాడు. "నానమ్మ ఏదిరా బుజ్జీ? ఒక్కదానివే పోతున్నవ్?" అని నవ్వుతూ అడిగాడు. పాప ఆగిపోయింది. నానమ్మ పేరెత్తాడు కాబట్టి ఆగింది. ఈలోపు కూరల బండామె కూడా కేకేసింది. నేను పైనుంచి బాల్కనీలో బట్టలు తీస్తూ ఇదంతా చూశాను. కిందికి పరిగెత్తేసరికి పాప అత్తయ్య చంకలో ఉంది.

ఆ రాత్రి అత్తయ్య ఒక్క మాటన్నారు. "ఆయనకి మన ఇంట్లో ఎవరెవరున్నారో తెలుసమ్మా. అందుకే ఆపగలిగాడు."

అప్పుడు నాకు ఆ రెండు శ్లోకాలు అర్థమయ్యాయి. మనం పిల్లలకి స్తోత్రాలు నేర్పిస్తాం, మంచిదే. కానీ పండ్ల బండి దగ్గర మనం మాట్లాడే తీరే వాళ్ళు ముందు నేర్చుకునే ధర్మం. మాల్‌లో మూడొందల కాఫీకి మారుమాట్లాడకుండా ఫోన్ చూపించి, ఎండలో నిలబడ్డ మనిషితో ఐదు రూపాయలకి గొంతు పెంచితే, పక్కన నిలబడ్డ పిల్ల అది చూస్తుంది. బేరం ఆడొద్దని నేననను. మనిషిని మనిషిలా పలకరించమంటాను. ఆ పండ్లమ్మి ఎదుటివాడు దేవుడని తెలిసి పండ్లు పెట్టలేదు, పిల్లవాడని పెట్టింది. అదీ భక్తే.

అందర్నీ నమ్మమనా?

ఇక్కడ మీరు నన్ను ఆపాలి. "రోజులు బాగాలేవు, వీధిలో అందర్నీ ఎలా నమ్ముతాం?" అని.

నమ్మమని భాగవతం కూడా చెప్పలేదు. పూతన ఎలా వచ్చింది? అందంగా, అలంకరించుకుని, పెద్దింటి మనిషిలా నేరుగా ఇంట్లోకి వచ్చింది. చూసినవాళ్ళెవరూ ఆపలేదు. అపాయం ఎప్పుడూ చిరిగిన బట్టలతో వీధిలోనే రాదు, ఖరీదైన బట్టల్లో గుమ్మం దాటి కూడా వస్తుంది. ఈ హెచ్చరిక మన గ్రంథంలోనే ఉంది. పూతన చచ్చాక గోపికలు ఏం చేశారో చూడండి. పిల్లవాణ్ణి శుద్ధి చేసి, ఒక్కో అవయవానికి ఒక్కో విష్ణునామం చెప్పి రక్ష కట్టారు. ఒంట్లో ఏ భాగాన్నీ మరిచిపోలేదు.

మేం పాపకి చేయిస్తున్న రక్ష కూడా ఇంచుమించు అలాంటిదే. స్నానం చేయించేటప్పుడు ఒక్కో భాగం పేరూ చెబుతాం. ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు, నచ్చకపోతే "వద్దు" అని గట్టిగా ఎలా అరవాలి, ఇవన్నీ చెబుతాం. తెలిసినవాళ్ళతోనైనా సరే, ఇంట్లో చెప్పకుండా అడుగు కదపకూడదు. అమ్మ పేరు, నాన్న పేరు, ఫోన్ నంబరు పాటలా నేర్పించాం. పిల్లలకి ఆపద వస్తే పిలవాల్సిన 1098 నంబరు ఫ్రిజ్ మీద రాసిపెట్టాం. పలకరింపు అందరితో, నమ్మకం కొందరితో. ఈ రెండూ పిల్లకి విడివిడిగా తెలియాలి.

ఇక తాడు సంగతి. యశోదమ్మ తాడు చూసి మనం జాలిపడతాం, కానీ అది ప్రేమ. బైక్ మీద మధ్యలో పిల్లని నిలబెట్టి, హెల్మెట్ లేకుండా, సిగ్నల్ దగ్గర దూసుకుపోయే తల్లిదండ్రుల్ని నేను రోజూ చూస్తున్నాను. నాలుగేళ్ళలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే నడిపేవాళ్ళకి కట్టి ఉండే బెల్టు వాడాలని, పిల్లకి హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. మా పాపకి నాలుగు దాటాయి, అయినా బెల్టు తీయలేదు. రోజూ ఏడుస్తుంది. "కన్నయ్యని కూడా అమ్మ కట్టిందిగా" అంటే కాసేపు ఊరుకుంటుంది.

తాడు రెండు వేళ్ళు తక్కువైందంటే, ఒక వేలు మన ప్రయత్నం, ఇంకో వేలు దైవానుగ్రహం అని పెద్దలు చెబుతారు. అనుగ్రహం వస్తుందని యశోదమ్మ తాళ్ళు వెతకడం మానలేదు. చెమట పట్టి, జడలోని పూలు రాలేదాకా కడుతూనే ఉంది. అప్పుడు ఆయన కట్టుబడ్డాడు. బెల్టు మనం కట్టాలి. ఇస్త్రీ అన్న రెండంగలు మాత్రం ఆయన పంపినవి.

గోలలో భక్తి అబ్బుతుందా?

పదకొండో స్కంధంలో అవధూత యదుమహారాజుకి తన ఇరవై నలుగురు గురువుల గురించి చెబుతాడు. అందులో బాణాలు చేసేవాడు ఒకడు. పనిలో ఎంత లీనమయ్యాడంటే, పక్కనుంచి రాజుగారి ఊరేగింపు పోయినా తెలియలేదట. అడవిలో కూర్చున్న ముని కాదు ఈ గురువు, ఊరేగింపులు పోయే దారి పక్కన పని చేసుకునే మనిషి. మా ఇంటి దగ్గర నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళు పొద్దున్నుంచి కూర్చుంటారు. బయట ఎంత రొద ఉన్నా పుస్తకంలోంచి తల ఎత్తరు. ఒకసారి పాప "వాళ్ళు ఎందుకు మాట్లాడట్లేదమ్మా?" అని గుసగుసగా అడిగింది. దానికది ధ్యానం గురించి మొదటి పాఠం. నేను చెప్పింది కాదు, చూసి అడిగింది.

ఊరి నడుమ ఉన్నందుకు దొరికేవి ఇవి. త్యాగరాయ గానసభలో సాయంత్రం పాట వినడానికి నడిచి వెళ్తాం. మెట్రోలో రెండో స్టేషన్ సుల్తాన్ బజార్. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అక్కడ ఉంది. ఇలాంటివి కట్టినవాళ్ళు ఈ జనసమ్మర్దం మధ్యే తెలుగునీ విద్యనీ నిలబెట్టారు. ఆ దారుల్లో పిల్ల వేలు పట్టుకుని నడవడం కూడా ఒక యాత్రే.

అయితే ఒకటి మనలో మనం అనుకోవాలి. గోలలో కొంత మన పేరుతోనే జరుగుతోంది. దేశంలోని శబ్ద నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. కొన్ని పండగ రోజులకి మాత్రమే రాష్ట్రాలు అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వొచ్చు. మండపంలో స్పీకర్ పగిలేలా పాట పెడితే పక్క బిల్డింగులో పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. ఆ బిడ్డలో ఉన్నదీ బాలకృష్ణుడే కదా! మీలో చాలామంది మండపం కమిటీల్లో ఉంటారు. ఈసారి ఆ శబ్దం తగ్గించే మాట మీరే ఎత్తండి. అది కూడా సేవే.

మారాలా, ఉండాలా?

ఇప్పుడు అసలు ప్రశ్న. పండ్లమ్మి కథ వచ్చిన అదే అధ్యాయంలో, ఆ తర్వాత, గోకులంలో పెద్దలంతా సమావేశమవుతారు. ఉపనందుడనే వృద్ధ గోపకుడు లేచి, ఈ చోటు పిల్లలకి మంచిది కాదు, ఇన్ని ఆపదలు వచ్చాయి, బృందావనానికి పోదాం అంటాడు. అక్కడ గడ్డి ఉంది, కొండ ఉంది, ఆవులకీ మనకీ బాగుంటుందంటాడు. అందరూ బాగుంది బాగుందంటారు. బళ్ళు కడతారు.

అంటే, పిల్లల క్షేమం కోసం ఇల్లు మారడం తప్పేం కాదు. మా ఆయన మాటకి భాగవతంలో ఉపనందుడి బలం ఉంది! గాలి పడక పిల్లకి ఆయాసం వస్తుంటే, బడి దూరమైతే, అద్దె భరించలేకపోతే, మారాల్సిందే. అందులో అపరాధభావం అక్కర్లేదు.

కానీ వాళ్ళు ఎలా మారారో కూడా చూడండి. వృద్ధులని, పిల్లల్ని, ఆడవాళ్ళని, సామానుని బళ్ళ మీద ఎక్కించారు. ఆవుల్ని ముందు నడిపించారు. యశోద, రోహిణి ఒకే బండిలో పిల్లలతో కూర్చున్నారు. గోపికలు దారంతా కృష్ణుడి లీలలు పాడుకుంటూ వెళ్ళారు. ఊరు మారింది, చుట్టూ ఉన్న మనుషులు మారలేదు. పెద్దవాళ్ళని ఎవరూ వెనక వదల్లేదు.

మనం మారేటప్పుడు చదరపు అడుగులు చూస్తాం, క్లబ్ హౌస్ చూస్తాం. మన పిల్లని పేరు పెట్టి పిలిచేవాళ్ళు అక్కడ ఎందరుంటారన్నది చూడం. ఇరవై అంతస్తుల టవర్లో, పచ్చటి లాన్ పక్కన, ఎదురు ఫ్లాట్ వాళ్ళ పేరు తెలియకుండా పెరిగే పిల్లలున్నారు. నడిబజారులో ఉంటూ ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా ట్యాబ్ ఇచ్చి కూర్చోబెట్టిన పిల్లలూ ఉన్నారు. గోకులం రెండు చోట్లా కట్టుకోవచ్చు, రెండు చోట్లా పోగొట్టుకోవచ్చు.

మేం ఈ ఏడు ఇక్కడే ఉందామనుకున్నాం. పాప ఒకటో తరగతికి వచ్చేసరికి మళ్ళీ కూర్చుని మాట్లాడుకుంటాం. ఈసారి ఆ మాటల్లో అత్తయ్య కూడా ఉంటారు. ఉపనందుడు కూడా పెద్దవాడే కదా. మారితే ఆవిడ మాట విని, ఆవిడతో కలిసే మారతాం.

మీకు ఈ వారం ఒక చిన్న సాధన చెబుతాను. ఏ ఏరియాలో ఉన్నా సరే.

మీ వీధిలో రోజూ కనిపించే ఐదుగురి పేర్లు తెలుసుకోండి. మీ పిల్లల్ని వాళ్ళకి పరిచయం చేయండి. పండో పూలో కొనేటప్పుడు డబ్బులు పిల్ల చేత ఇప్పించండి, నాణేలు కిందపడితే పడనివ్వండి. సంధ్యవేళ దీపం పెట్టి ఐదు నిమిషాలు ఫోన్లు పక్కన పడేసి పిల్లతో కూర్చోండి. హారన్లు వినబడుతూనే ఉంటాయి, ఫర్వాలేదు. ఆ దీపం ముందు ఆ ఐదుగురి పేర్లూ చెప్పించి "వీళ్ళంతా బాగుండాలి స్వామీ" అనిపించండి.

మన పిల్లని చల్లగా చూసిన ఆ మనుషుల బుట్టలు నిండాలని కోరుకోవడం, పిల్లకి మనం నేర్పగలిగే మంచి ప్రార్థనల్లో ఒకటి.

వచ్చే వారం వీడియోలో బృందావన ప్రవేశం, వత్సాసుర వధ చెప్పుకుందాం. అందాకా సెలవు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.